వదిలేశాడని రాసిచ్చాను

మా ఆయన నన్ను వదిలేశాడని నేను రెండుసార్లు ప్రభుత్వానికి రాసిచ్చాను. రెండుసార్లూ అబద్ధమే రాశాను. మొదటిసారి ఆయన బతికే ఉన్నాడు, ఆయనకి చెప్పే రాశాను. రెండోసారి రాసేనాటికి ఆయన లేడు. నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, చూడకుండా వేలిముద్ర వేసే అమాయకురాలిని కాను. ఏం రాసి ఉందో చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టాను. కాబట్టి ఎవరిమీదికీ నెట్టడానికి లేదు.

మాది కోనసీమలో ఒక ఊరు. ఇంటికొకరు గల్ఫులో ఉంటారు. ఏ దేశానికి వెళ్ళినా మేం దుబాయ్ అనే అంటాం. మా ఆయన మెకానిక్ పనికి వెళ్ళాడు. వెళ్ళిన కొన్నాళ్ళకి ఆ కంపెనీ మూతపడింది, వీసా గడువు అయిపోయింది. కాగితాలు లేకుండా దాక్కుని పని చేసుకునేవాళ్ళని అక్కడ ఖల్లివల్లి అంటారు. ఈయనా ఖల్లివల్లి అయ్యాడు. ఎవరి ఫోన్ దొరికితే ఆ ఫోన్ నుంచి మాట్లాడేవాడు. ఇంటికి మాత్రం ఏడాదిన్నర పాటు ఏమీ పంపలేకపోయాడు. నేను కొబ్బరి పీచు ఫ్యాక్టరీకి కూలికి వెళ్ళేదాన్ని. పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు.

ఆ రోజుల్లోనే పంచాయతీ ఆఫీసులో పనిచేసే ఒకాయన దారిలో నన్ను ఆపారు.

"ఒంటరి మహిళలకి పింఛనిత్తన్నారమ్మా. మొగుడొదిలేసి ఏడాది దాటితే చాలు. మీ ఆయనెళ్ళి మూడేళ్ళవ్వలేదేటి? పైసా పంపట్లేదు కదా? ఒదిలేసినట్టే కదండి మరి."

"ఒదల్లేదండీ. మొన్నే ఫోన్ చేశాడు," అన్నాను.

"ఫోన్లో అన్నం ఉడకదు కదమ్మా," అన్నారాయన.

ఆ మాట నిజమే. వారం తర్వాత మా ఆయన ఫోన్ చేసినప్పుడు భయపడుతూనే చెప్పాను. తిడతాడనుకున్నాను. "రాసియ్యవే. నేనేవన్నా అక్కడికొచ్చి కాదంటానా?" అన్నాడు. పింఛను మంజూరైన రోజు నుంచీ ఫోనెత్తగానే "ఏవండీ ఒంటరి మహిళ గారూ, కులాసానా?" అనేవాడు. "మీరెవరండీ, మా ఆయన ఎప్పుడో పారిపోయాడు," అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. నవ్వకపోతే ఏడవాలి, ఏడవడానికి ఫోన్‌లో బ్యాలెన్స్ ఉండేది కాదు.

కాగితంలో ఉన్నది మాత్రం వేళాకోళం కాదు. 'నా భర్త నన్నూ నా బిడ్డనూ విడిచి వెళ్ళిపోయినాడు. అతనితో మాకు ఎటువంటి సంబంధమూ లేదు' అని ఉంది. ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఒకరు పక్కింటి ముసలమ్మ, రెండోది మా అక్క. వేలిముద్ర వేస్తూ అక్క "దేవుడు చూత్తాడే" అంది. "చూస్తే పాప కంచం కూడా చూస్తాడులే," అన్నాను. మాది క్రైస్తవ కుటుంబం. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆదివారం బడిలోనే నేర్పారు. ఆ నెల ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, రసం అందుకోవడానికి వెళ్ళలేకపోయాను. పై నెల వెళ్ళాను.

2020 మొదట్లో నేనూ దుబాయ్ మనిషినయ్యాను. అప్పటికి మా ఆయన కష్టాలు కొంత తీరాయి. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు కాగితాలు సరిచేయించుకుని, అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో చేరాడు. అబుదాబిలో ఒక అరబ్బు ఇంట్లో వంట పని ఉందని ఆయనే వెతికి చెప్పాడు. పాపని అక్క దగ్గర ఉంచి బయల్దేరాను.

ఒకటో తారీకున వాలంటీరు ఇంటికే వచ్చి, వేలిముద్ర వేయించుకుని పింఛనిచ్చే రోజులవి. నా వేలు నాతో పాటే విమానమెక్కింది కాబట్టి కొన్ని నెలల్లోనే పింఛను ఆపేశారు. ఖలాస్, పీడ పోయింది అనుకున్నాను. ఆగింది పింఛనే. కంప్యూటర్లో నా పేరు పక్కనున్న మాట అలాగే ఉండిపోయింది. దాన్ని తీయించుకోవాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. మా ఊళ్ళో పింఛను రాలేదని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్ళు ఉన్నారు. నా పేరు తీసెయ్యండని అడగడానికి వెళ్ళినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

మేం కలుసుకునేది ముసఫ్ఫా చర్చిలో. అప్పట్లో ఆ దేశంలో సెలవు శుక్రవారం, అందుకని తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే జరిగేది. మా ఇంటి యజమానురాలు పెద్దావిడ, భర్త పోయినావిడ. అందరం ఆవిణ్ణి మామా అనేవాళ్ళం. అక్కడ ఇంటి ఆడవాళ్ళని అలాగే పిలుస్తారు. వారానికి నాలుగు గంటలు నన్ను బయటికి వదిలేది. మా ఆయన గోళ్ళలో గ్రీజు పోవడానికి నిమ్మచెక్కా సబ్బుపొడీ పెట్టి రుద్దుకుని వచ్చేవాడు. అయినా పోయేది కాదు. ఆరాధన అయ్యాక ప్రహరీగోడ నీడలో పరోటా పొట్లాలు విప్పుకునేవాళ్ళం. నేను ఆ ఇంట్లో తొమ్మిదిమందికి వండి, నిలబడే తినేదాన్ని. ఆ అలవాటుతో ఇక్కడా నిలబడే తినబోయేదాన్ని. "కూకుని తినవే. ఇక్కడ నిన్నెవరూ పిలవరు," అనేవాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో మేమిద్దరం స్థిమితంగా కూర్చుని మాట్లాడుకున్నదంతా కలిపితే, ఆ గోడ పక్కన మాట్లాడుకున్నదే ఎక్కువ.

మూడు నెలలు తిరక్కుండా కరోనా వచ్చింది. చర్చి మూసేశారు. నన్ను గడప దాటనివ్వలేదు. గ్యారేజీవాళ్ళని క్యాంపులోంచి కదలనివ్వలేదు. అంత దగ్గర్లో ఉండి కూడా నెలల తరబడి ఫోన్లోనే కాపురం చేశాం. ఆయన పప్పుచారు పెట్టుకుంటూ ఫోన్ పొయ్యి పక్కన పెట్టేవాడు. నేను ఇక్కణ్ణుంచి తాలింపు చెప్పేదాన్ని. "మాడ్చావు కదూ?" అంటే "నీకెలా తెలిసిందే!" అని ఆశ్చర్యపోయేవాడు. ఆయన తాలింపు మాడని రోజంటూ ఉంటే కదా.

చర్చి మళ్ళీ తెరిచాక, 2022లో ఆ దేశంలో సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. ఇక మన ఊళ్ళోలాగే ఆదివారం చర్చి అని ఆయన పండగ చేసుకున్నాడు. ఎండలు ముదురుతున్నాయి. ఒక సోమవారం పొద్దున నేను మామా మనవల టిఫిన్లు సర్దుతుంటే ఆయన గదిలో ఉండే నెల్లూరు భాయ్ ఫోన్ చేశాడు.

"వదినా, అన్న లెయ్యడంలా. ఎంత పిలిచినా లెయ్యడంలా. అంబులెన్సు వచ్చుండాది. నువ్వు బిన్నా రా వదినా."

గుండెపోటన్నారు. నలభై నాలుగేళ్ళ మనిషి, ముందురోజు నా ఎదురుగా కూర్చుని రెండు పరోటాలు తిన్న మనిషి. మామా తన డ్రైవరునిచ్చి నన్ను ఆసుపత్రికి పంపింది. శవాలగది దగ్గర బల్ల ముందున్నతను నువ్వెవరని అడిగాడు. నా పాస్‌పోర్టులో మా నాన్న పేరే తప్ప మొగుడి పేరు లేదు. నేను చెప్పేలోపు భాయ్ "ఇన్కీ బీవీ హై సాబ్" అన్నాడు. అతను నా మొహం చూసి తలుపు తీయించాడు. నన్ను కాగితం అడక్కుండా ఆయన భార్యనని ఒప్పుకున్న ఆఫీసు అదొక్కటే.

ఆయనతో పాటు ఊరికి వెళ్ళలేకపోయాను. నా వీసా మారుస్తున్నారు, పాస్‌పోర్టు ఏదో ఆఫీసులో ఉంది. సమాధి కార్యక్రమాన్ని మామా ఇంట్లో, బట్టలు ఇస్త్రీ చేసే గదిలో కూర్చుని ఫోన్లో చూశాను. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి వేస్తున్నారు. పాప కెమెరా వైపు వీపు పెట్టి నిలబడింది. తను ఏడుస్తోందో లేదో నాకు కనిపించలేదు. పక్కన కూర్చున్న మామా నా చెయ్యి పట్టుకుని, నాకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలోనే అర్థమయ్యేలా చెప్పింది: తన భర్త పోయినప్పుడు వాళ్ళ ప్రభుత్వం తనకివ్వాల్సింది ఇచ్చిందట, కొడుకు ఫోన్లోనే అర్జీలన్నీ పెట్టాడట. "నీ సర్కారుకి చెప్పు. నువ్వు భార్యవి కదా, ఇంకేం కావాలి?" అంది.

మా సర్కారూ ఇస్తుంది. గల్ఫులో పోయినవాళ్ళ కుటుంబానికి సాయం ఉందని మా చర్చి సంఘంలోవాళ్ళే చెప్పారు. పాప చదువుకి అంతకన్నా ఆధారం లేదు. ఆయన అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు, ఉన్నది మేమిద్దరమే. అక్కని మా ఊరి సచివాలయానికి పంపాను. అక్కడి ఉద్యోగి మా కాగితాలన్నీ చూసి, అక్క ఫోన్లోంచే నాతో మాట్లాడాడు.

"అమ్మా, మీ పేరు కొడితే ఒంటరి మహిళ అనొత్తందండి. మీ ఆయన పేరు మీ రేషన్ కార్డులోనే లేదు. ఒదిలేశాడని మీరే రాసిచ్చారండి."

"అది పింఛను కోసం రాసిచ్చిందండీ. ఆయనా నేనూ బాగానే ఉండేవాళ్ళం."

"అంటే అది అబద్ధమా అండి?"

ఆ అబ్బాయే మళ్ళీ అందుకున్నాడు. "అబద్ధమని రాసిత్తే మార్చొచ్చండి. కానీ ఎంక్వైరీ పడుద్ది. తీసుకున్న పింఛనంతా వెనక్కి కట్టమంటారు. సాచ్చికం పెట్టినోళ్ళ మీదికీ వత్తది. అదెప్పటికి తేలుద్దో చెప్పలేనండి, దీనికేమో గడువుంది."

"మరెలాగ బాబూ?"

"ఉన్నదున్నట్టు ఉంచేద్దారండి. అప్పుడు వారసురాలు పాపొక్కతే. డబ్బు పాప పేరున బ్యాంకులో పడుద్ది. ఆయన నన్నొదిలేశాడు, నాకే హక్కూ వద్దు అని మీరు అక్కణ్ణించి ఒక అఫిడవిట్టు పంపితే చాలండి."

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. నా బిడ్డకి దారి చూపించాడు. అతను కసురుకుని ఉంటే తిరగబడేదాన్నేమో. మంచిగా చెప్పేసరికి ఆలోచించి చెప్తానన్నాను.

అక్క ఆ సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేలనీ అప్పుడే అనుకున్నానే. నేనూ ఏలిముద్రేశాను కదా. ఈ వయసులో నన్ను పోలీస్టేషన్ మెట్లెక్కించకే చెల్లీ," అంది. నా బిడ్డకి రెండేళ్ళుగా అన్నం పెడుతున్న మనిషి అలా అడిగితే నేనేమనగలను?

అయినా ఒక ప్రయత్నం చేశాను. ముసఫ్ఫాలో మా పాస్టరుగారు ఉత్తరం రాశారు: వీరిద్దరూ భార్యాభర్తలుగా ప్రతివారం కలిసి ఆరాధనకి వచ్చేవారని. సంఘంలో నలభైమంది కింద సంతకాలు పెట్టారు. దాన్ని ఫోన్లో పంపాను. సచివాలయం అబ్బాయి చూసి, "బానే ఉందండి. కానీ ఇది పెడితే, ముందిచ్చింది అబద్ధమని మనంతట మనమే పట్టించుకున్నట్టు," అన్నాడు. నలభైమంది చెప్పిన నిజం నాకు అడ్డమైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపకి అప్పుడు పదమూడేళ్ళు.

ముసఫ్ఫాలో ఒక టైపింగ్ సెంటరుంది. అర్జీలు, అఫిడవిట్లు అక్కడ టైపు కొడతారు. కొట్టేది కడప వైపు సాయిబు, పెద్దాయన. తెలుగులో నేను చెప్పిందంతా విని, ఇంగ్లీషులోకి మార్చి కొడుతున్నారు. మధ్యలో చేతులాపి అడిగారు.

"ఎన్నేండ్లాయమ్మా, ఆయప్ప మిమ్మల్ని ఇడిసిపెట్టి?"

రెండు నెలల క్రితం ఆదివారం, గోడ పక్కన. మంచినీళ్ళ సీసా మూత నాకు తిరగకపోతే తిప్పి ఇచ్చాడు. బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"ఎనిమిదేళ్ళండీ," అన్నాను.

ఆయన నాలుక చప్పరించారు. "ఇట్లాంటోళ్ళను శానామందిని చూసినా తల్లీ. ఈడకొచ్చి, పెండ్లాం బిడ్డల్ను మర్సిపోయి... సచ్చినాక గూడా మిమ్మల్నే తిప్పుతాండాడు సూడు. వాడేం మనిసి!"

నా మీద జాలితో తిట్టారు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన అలాంటివాడు కాదండీ అని ఒక్క మాట అనాలి. అంటే ఆయన కొట్టడం ఆపేస్తారు, ఇదేంటమ్మా అని అడుగుతారు. మళ్ళీ వచ్చే సెలవు దాకా గడువు ఆగదు. నోరు మూసుకున్నాను. బతికున్నప్పుడు ఆయన్ని ఎవరైనా ఒక మాటంటే పీక మీద కూర్చునేదాన్ని. పోయినవాణ్ణి తిడుతుంటే విని, తలూపి, ఫీజిచ్చి, థాంక్స్ చెప్పి వచ్చాను. నా జీవితంలో నేను సిగ్గుపడేది దానికే.

తర్వాత మన రాయబార కార్యాలయంలో వరసలో నిలబడ్డాను. అద్దం వెనకనున్నావిడ "ఇందులో రాసినవన్నీ నిజమేనా?" అని అడిగింది, అందర్నీ అడిగినట్టే. నిజమే అన్నాను. ముద్ర వేసింది.

పాప పేరున సాయం వచ్చింది. అక్క ఫోన్లోనే ప్రభువుకి స్తోత్రం చెప్పింది. నేనూ చెప్పాను. పాప పదో తరగతి మంచి మార్కులతో పాసైంది, ఇంటర్‌లో చేరింది. నేను ఇంకా ఆ ఇంట్లోనే వండుతున్నాను. మామాకి ఇప్పుడు కళ్ళు సరిగా కనపడవు, వేలు పెట్టి చూస్తే గానీ కూరలో ఉప్పు నమ్మదు.

ఏటా ఆయన పోయిన రోజున అక్క ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెడతాం. నేను ఫోన్లో ఉంటాను. ఈ ఏడాది పాప కనిపించలేదు. పరీక్ష ఉందందిట. ఆ రోజు సెలవని నాకు తెలుసు. తర్వాతి రోజు నేనే ఫోన్ చేసి ఎందుకు రాలేదని గట్టిగా అడిగాను.

"ఎందుకు రావాలమ్మా?" అంది.

కాలేజీలో ఫీజు రాయితీకి కాగితాలు కావాలంటే సచివాలయానికి వెళ్ళిందట. వాళ్ళు మొత్తం కట్ట జిరాక్సు తీసి ఇచ్చారు. అందులో రెండూ ఉన్నాయి. తనకి ఎనిమిదేళ్ళప్పటిదీ, పదమూడేళ్ళప్పటిదీ.

"రెండిట్లోనూ నీ సంతకమే ఉందమ్మా. మొదటిదాని మీద పెద్దమ్మ వేలిముద్ర కూడా ఉంది. నాన్న మనల్ని వదిలేశాడని రెండుసార్లు రాశావు. మరి నాకెందుకు చెప్పలేదు?"

మొత్తం చెప్పాను. పీచు ఫ్యాక్టరీ దగ్గర్నుంచి టైపింగ్ సెంటరు దాకా ఒక్కటీ దాచలేదు. పాప మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక, "నాన్న నాతో ఫోన్లో మాట్లాడేవాడు, నిజమే," అంది. "మా క్లాసులో ఒకమ్మాయితో కూడా వాళ్ళ నాన్న మాట్లాడతాడు. ఆయనకి అక్కడ ఇంకో ఆవిడ ఉంది. నువ్వు నా కోసం చెప్తున్నావేమోనని..."

"లేదే. ఒట్టు."

"సరే. నువ్వూ నాన్నా అక్కడ కలిసి దిగిన ఫోటో ఒకటి పంపు."

లేదు. రెండున్నరేళ్ళలో ఒక్కటీ లేదు. పింఛను ఆగినా భయం ఆగలేదు. మేమిద్దరం పక్కపక్కన ఉన్న ఫోటో ఎవరి ఫోన్లో పడినా ఊరికి చేరుతుంది, ఎవడో ఒకడు ఆఫీసులో చూపిస్తాడు అనుకునేవాళ్ళం. భాయ్ ఒకసారి తీస్తానంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు.

చివరికి ఒకటి దొరికింది. క్రిస్మస్‌కి సంఘమంతా దిగింది. మగవాళ్ళ వైపు ఆ చివర ఆయన, ఆడవాళ్ళ వైపు ఈ చివర నేను. పంపాను. పాప చాలాసేపు చూసినట్టుంది. తర్వాత ఫోన్ చేసింది.

"ఇంత దూరంగా నించున్నారేంటమ్మా?"

మేం కావాలనే అలా నిలబడ్డామని చెప్పాను.